నడక లయను కనిపెట్టిన డాక్టర్ గ్రేహం బ్రౌన్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాసి ఇమ్మని మన కార్యవర్గం వారు కోరారు. మహాత్ముని గురించి, ప్రకాశం పంతులు గారి గురించి, మన పల్నాటి కన్నెగంటి హనుమంతు గారి గురించి నాకన్న బాగా రాయగల మిత్రులు సంఘంలో ఉన్నారు. అందుచేత నేను వేరొక దారి పట్టి, స్కాట్లండు దేశానికి చెందిన డాక్టర్ థామస్ గ్రేహం బ్రౌన్ గారి గురించి రాస్తున్నాను. పర్వతాలెక్కేవారికీ, నరాల శాస్త్రం చదివినవారికీ ఆయన పేరు సుపరిచితం. మన నరసరావుపేటకూ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. అయితే మన సంఘ కార్యాలయంలో నలుగురం కూర్చుంటే కరువు భత్యం సంగతి అయిపోగానే వచ్చే మాట కాళ్ళ సంగతే. ఒకరికి అరికాళ్ళు మొద్దుబారుతున్నాయి, ఒకరికి చీకట్లో తూలుతున్నది, ఒకరు పక్షవాతం వచ్చి మళ్ళీ నడక నేర్చుకుంటున్నారు. ఆ నడకకు మూలం ఎక్కడున్నదో మొదట పట్టుకున్న మనిషి ఈయన.

ప్రశ్న చాలా చిన్నది. ఒక అడుగు తరువాత రెండో అడుగు ఎందుకు పడుతుంది? మనం ప్రతి అడుగునూ ఆలోచించి వెయ్యము. నా చిన్నతనంలో గురజాల నుంచి పిడుగురాళ్ళకు రాత్రిపూట బండ్లు వెళ్ళేవి. తోలే మనిషి నిద్రపోయేవాడు, ఎడ్లు మాత్రం ఒకే తీరుగా అడుగులు వేస్తూ పోయేవి. ఇంకొక దృశ్యం కూడా మన పల్లెల్లో పుట్టినవారు ఎరుగనిది కాదు. జాతరలో కోడి తల తెగిన తరువాత కూడా కాసేపు దాని కాళ్ళూ రెక్కలూ కొట్టుకుంటాయి. అది అడ్డదిడ్డంగా కొట్టుకోవడం కాదు, అందులో ఒక లయ ఉంటుంది. కోడిపందెం మీద రాజ్యాలు పోగొట్టుకున్న సీమ మనది గనుక కోడి మాట ఎత్తితే మనవారికి వేరే ఆలోచనలు రావచ్చు. నేను చెప్పదలచింది ఒక్కటే. తల లేదు, మెదడు లేదు, అయినా కాళ్ళకు లయ ఉన్నది. ఆ లయ ఎక్కడిది?

గ్రేహం బ్రౌన్ గారు 1882 మార్చి 27న ఎడింబరో నగరంలో పుట్టారు. తండ్రి గారు ఆ ఊళ్ళో పేరున్న వైద్యులు, నరాల జబ్బులు చూసేవారు, అక్కడి రాయల్ వైద్య కళాశాలకు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. కుమారుడు అదే ఊళ్ళో వైద్యం చదివి 1906లో పట్టా పుచ్చుకున్నారు. తండ్రి గారి ప్రాక్టీసు అందుకుంటే సుఖంగా గడిచిపోయేది. ఆయన అలా చెయ్యక గ్లాస్గోలో చిన్న ఉపాధ్యాయ పదవిలో చేరి పరిశోధనకు దిగారు. 1910లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి ఆచార్యులు చార్లెస్ షెరింగ్టన్.

షెరింగ్టన్ గారి సంగతి రెండు మాటల్లో చెప్పాలి. నరాల శాస్త్రంలో ఆయనది పీఠాధిపతి స్థానం. 1906లో వచ్చిన ఆయన గ్రంథం ఈనాటికీ ఆ శాస్త్రానికి పునాది. 1932లో నోబెల్ బహుమతి కూడా పొందారు. ఆ కాలపు పండితులు నడకను ఒక గొలుసుగా భావించేవారు. కాలు నేల తాకుతుంది, కండరం సాగుతుంది, కీలు వంగుతుంది. ఈ కబుర్లు నరాల గుండా వెన్నుపాముకు పోతాయి. వెన్నుపాము దానికి జవాబుగా తరువాతి కదలికకు ఆజ్ఞ ఇస్తుంది. ఆ కదలిక మళ్ళీ కొత్త కబురు పుట్టిస్తుంది. ఇలా ఒక లింకు మరొక లింకును లాగుతూ నడక సాగుతుందని వారి అభిప్రాయం. షెరింగ్టన్ గారి పరిశోధనలు దీనికి బలం చేకూర్చాయి. 1895లోనే ఆయన మాట్ అనే మిత్రునితో కలిసి కోతి చేతి నుంచి కబుర్లు తెచ్చే నరాలను మాత్రమే కోసి చూశారు. కండరాలకు ఆజ్ఞ తీసుకుపోయే నరాలు చెక్కుచెదరకుండా ఉన్నా ఆ చెయ్యి పనికిరాక వేలాడింది. కబురు లేనిదే కదలిక లేదని అందరూ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మన ఆఫీసు భాషలో చెబితే సులువుగా ఉంటుంది. వెన్నుపాము తాలూకా ఆఫీసు అనుకోండి, మెదడు కలెక్టరు గారి ఆఫీసు. చర్మం, కండరాలు, కీళ్ళ నుంచి వచ్చేది ఇన్‌వర్డ్ తపాలు. కండరాలకు పోయేది డిస్పాచ్. ఇన్‌వర్డ్‌లో కాగితం పడితేనే ఫైలు కదులుతుందనీ, కాగితం రాకపోతే డిస్పాచ్ గుమాస్తాకు పని ఉండదనీ ఆనాటి సిద్ధాంతం. ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసులో కూర్చున్నవాడిగా నాకు అది సబబుగానే తోచింది.

గ్రేహం బ్రౌన్ గారు ఆ సిద్ధాంతాన్ని పరీక్షించిన విధానం ఇది. పిల్లికి మత్తు ఇచ్చి, వెనుక కాళ్ళను నడిపే వెన్నుపాము భాగాన్ని మెదడు నుంచి వేరు చేశారు. అంటే కలెక్టరు ఆఫీసుతో సంబంధం తెగిపోయింది. తరువాత కాళ్ళ నుంచి కబుర్లు తెచ్చే నరాల వేళ్ళను వెన్నుపాము దగ్గరే కోసేశారు. ఇన్‌వర్డ్ తపాలు కూడా పూర్తిగా బంద్. ఇక మిగిలింది గదిలో ఒంటరిగా కూర్చున్న వెన్నుపాము, దాని నుంచి కండరాలకు పోయే దారి మాత్రమే. చీలమండను పైకి వంచే కండరం ఒకటి, కిందికి తొక్కే పిక్క కండరం మరొకటి, ఈ రెంటి కదలికలూ నమోదయ్యేలా ఏర్పాటు చేశారు. అప్పుడు ఆ రెండు కండరాలూ ఒకదాని తరువాత ఒకటి, నడకలో మాదిరిగానే, వంతులవారీగా బిగిసి వదులయ్యాయి. ఆ లయ సాగింది కొద్దిసేపే. కాని ఆ కొద్దిసేపు చాలు. పై నుంచి ఆజ్ఞ లేదు, కింద నుంచి కబురు లేదు, అయినా లయ ఉన్నది. కనుక లయ వెన్నుపాములోనే పుడుతున్నది. 1911లో రాయల్ సొసైటీ వారి పత్రికలో ఇది వెలువడింది. అప్పటికి ఆయన వయసు 29 సంవత్సరాలు. ఆచార్యుల వారి ప్రయోగశాలలోనే కూర్చుని, ఆనాటి పెద్దల అభిప్రాయానికి ఎదురు వచ్చే ఫలితాన్ని ఆయన అచ్చు వేయించారు.

మూగజీవాలను ఇలా చేయడం గురించి మన ఇళ్ళల్లో ఆడవారు తప్పకుండా అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. ఆనాటి పద్ధతులు అవి. మత్తు ఇచ్చి చేశారన్నదే కాస్త ఊరట.

లయ ఎలా పుడుతుందో కూడా ఆయన ఊహించి చెప్పారు. వెన్నుపాములో ఒక్కొక్క కాలికి రెండు సగాలుగా ఒక కేంద్రం ఉంటుంది. ఒక సగం కాలును మడుస్తుంది, రెండో సగం చాపుతుంది. ఒకటి పనిచేస్తున్నంతసేపు రెండోదాన్ని అణచి ఉంచుతుంది. కాసేపటికి మొదటిది అలసిపోగానే రెండోది పైచేయి అవుతుంది, మొదటిదాన్ని అణుస్తుంది. ఇలా వంతులు మారడమే లయ. వెనుకటి రోజుల్లో మన ఇళ్ళల్లో ఒకే రోట్లో ఇద్దరు ఆడవారు రెండు రోకళ్ళతో వడ్లు దంచేవారు. ఒకరి రోకలి దిగుతుంటే రెండోవారిది లేస్తుంది. లయ వారిద్దరి మధ్యా ఉన్నది, రోట్లో లేదు.

అలాగని రోటికి పని లేదా? ఇక్కడే గ్రేహం బ్రౌన్ గారి వివేకం కనబడుతుంది. వడ్లు పలచబడితే దంపు తేలికవుతుంది, రోకలికి రాయి తగిలితే చెయ్యి ఆగుతుంది. అలాగే కాళ్ళ నుంచి వచ్చే కబుర్లు నడకను పుట్టించవు గాని దాన్ని దిద్దుతాయని ఆయన నిర్ణయించారు. ఎగుడుదిగుడు నేల మీద, మన మాచర్ల వైపు రాళ్ళ చేలలో, ప్రతి అడుగూ వేరుగా పడాలి. లోపలి లయ ఒక్కటే అయితే మనిషి బొమ్మలా నడిచి మొదటి రాయికే బోర్లాపడతాడు.

తరువాత ఆయన మాంచెస్టర్ వెళ్ళారు. 1914లో ఈ సిద్ధాంతాన్ని విస్తరించి పెద్ద వ్యాసం రాశారు. 1915లో ఇంకా పుట్టని పిల్లి కూనల కదలికలను పరిశీలించి, నడక నేర్చుకుంటే వచ్చేదా లేక పుట్టుకతో ఉన్నదా అన్న ప్రశ్నను చర్చించారు. మనవారు ఇది పసిబిడ్డలో చూసే ఉంటారు. రోజుల బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు పరుపుకు తాకిస్తే అడుగులు వేసినట్టు కాళ్ళు ఆడిస్తాడు. రెండు నెలల తరువాత ఆ విద్య కనబడదు. కాళ్ళు బరువెక్కడం దీనికి ఒక కారణమని 1980లలో అమెరికాలో పరిశోధకులు చెప్పారు. అదే బిడ్డను నడుము దాకా నీళ్ళలో నిలబెడితే మళ్ళీ అడుగులు వచ్చాయట.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గ్రేహం బ్రౌన్ గారు సైన్యపు వైద్యశాఖలో చేరి గ్రీసు దేశంలోని సలోనికా రంగంలో పనిచేశారు. తిరిగి వచ్చాక 1920లో కార్డిఫ్‌లో శరీరధర్మ శాస్త్ర ఆచార్యులయ్యారు. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. పైకి చూస్తే సర్వీసు రిజిస్టరు నిండుగానే ఉన్నది. కాని నడకను గురించిన ఆ ఫైలు మాత్రం కదలలేదు. ఆ కాలం అంతా ప్రతిచర్యల సిద్ధాంతానిదే, దాని వెనుక షెరింగ్టన్ గారి పేరున్నది. ఎవరూ గ్రేహం బ్రౌన్ గారిని ఖండించలేదు, ఎవరూ ముందుకు తీసుకుపోనూ లేదు. ఖండించిన కాగితానికైనా అప్పీలు ఉంటుంది. రికార్డు రూములో చేరిన కాగితానికి అదీ లేదు. ఆయన కూడా పెద్దగా పట్టుపట్టినట్టు కనబడదు. ఆయన మనసు వేరే చోటికి పోయింది. ఆ చోటు పర్వతాలు.

నలభై దాటిన తరువాత మనలో చాలామంది మోకాళ్ళకు నూనె రాసుకోవడం మొదలుపెడతాము. ఆయన ఆల్ప్స్ పర్వతాలు ఎక్కడం మొదలుపెట్టారు. ఐరోపాలో పేరుగాంచిన మోంబ్లా శిఖరానికి ఇటలీ వైపున బ్రెన్వా అనే నిలువుపాటి మంచుగోడ ఉన్నది. 1927లో, 1928లో ఫ్రాంక్ స్మైత్ అనే యువకునితో కలిసి దానిపై రెండు కొత్త దారులు వేశారు. 1933లో గైడ్లను వెంటబెట్టుకుని మూడో దారి కూడా పూర్తి చేశారు. స్మైత్ ఆయనకన్న 18 ఏళ్ళు చిన్న. దారి కనిపెట్టింది ఎవరు, ముందు నడిచింది ఎవరు అన్న విషయంలో ఇద్దరికీ చెడింది. ఆ పగ ఏళ్ళ తరబడి సాగింది. తన గొప్ప శాస్త్ర పరిశోధనను లోకం మరిచిపోతే ఊరుకున్న మనిషి, ఒక మంచుగోడ మీద ఘనత కోసం ఇంత పట్టుదల చూపడం నాకు వింతగా ఉన్నది. 1944లో ఆ గోడ పేరుతోనే పుస్తకం కూడా రాశారు.

మన దేశానికి కూడా వచ్చారు. 1936లో బ్రిటిషు వారూ అమెరికా వారూ కలిసి గఢ్వాల్‌లోని నందాదేవి శిఖరానికి వెళ్ళిన బృందంలో ఆయన ఒకరు. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు. ఆగస్టు 29న టిల్మన్, ఓడెల్ అనే ఇద్దరు 25,643 అడుగుల ఆ శిఖరం చేరారు. అంతకు మించిన శిఖరాన్ని మానవుడు ఎక్కింది 1950లోనే. గ్రేహం బ్రౌన్ గారు శిఖరం దాకా పోలేదు. 1938లో మళ్ళీ కారకోరంలోని మషెర్‌బ్రుమ్‌కు వెళ్ళారు. ఆ యాత్రలో ఇద్దరు సహచరులు మంచుకాటుకు గురై వేళ్ళు పోగొట్టుకున్నారు. మొద్దుబారిన పాదంతో మంచు మీద అడుగు వేయడం ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల వల్ల తెలియవలసిన పని లేదు.

1939లో, మెదడు పై భాగం తొలగించిన పిల్లి అడుగులు వేయడాన్ని ఫిల్ము తీసి శరీరధర్మ శాస్త్రవేత్తల సంఘంలో చూపారు. అంటే పాత ఫైలును ఆయన పూర్తిగా మరువలేదన్నమాట. ఆ ఏడే రెండో యుద్ధం వచ్చింది. 1947లో పదవీ విరమణ చేసి ఎడింబరో చేరారు. కొన్నేళ్ళు ఆల్పైన్ జర్నల్ అనే పర్వతారోహణ పత్రికకు సంపాదకత్వం వహించారు. 18 ఏళ్ళు విశ్రాంత జీవితం గడిపి 1965 అక్టోబరు 28న కన్నుమూశారు.

ఆయన పోయిన రెండేళ్ళకు ఫైలు కదిలింది. నిజానికి కదలిక 1961లోనే మొదలు. డొనాల్డ్ విల్సన్ అనే ఆయన మిడత రెక్కల నుంచి వచ్చే కబుర్లను ఆపినా ఎగిరే లయ ఆగదని చూపారు. లయ నెమ్మదించింది గాని పోలేదు. 1967లో స్వీడన్‌లో అండర్స్ లుండ్‌బర్గ్ గారి బృందం పిల్లి వెన్నుపాములో రెండు సగాల కేంద్రానికి తగిన లక్షణాలున్న నరకణాలను గుర్తించింది. 50 ఏళ్ళు దుమ్ము పట్టిన వ్యాసాలను వారే మళ్ళీ బయటికి తీశారు. 1966లో మాస్కోలో మరికొందరు పిల్లి మెదడు కాండంలో ఒక చోట స్వల్పంగా విద్యుత్తు ఇస్తే అది నడుస్తుందనీ, పెంచితే పరుగెడుతుందనీ కనుగొన్నారు. కలెక్టరు ఆఫీసు నుంచి వివరమైన ఉత్తర్వులు అక్కరలేదు, పని మొదలుపెట్టండి అన్న ఒక్క ముక్క చాలు.

ఇక కాళ్ళ నుంచి వచ్చే కబుర్ల పాత్ర. ఈ భాగం మా మనుమరాలు విడమరచి చెప్పింది. ఆమె ఫిజియోథెరపీ చదువుతున్నది. మనకు పనికివచ్చేది ఎక్కువగా ఇందులోనే ఉన్నది. 1978లో గ్రిల్నర్, రోసిన్యోల్ అనే ఇద్దరు, మెదడుతో సంబంధం తెగిన పిల్లిని కదిలే పట్టా మీద నడిపిస్తూ ఒక వెనుక కాలును తొడ కీలు దగ్గర వెనక్కి పోకుండా పట్టి ఉంచారు. ఆ కాలు ముందుకు లేవలేదు. తొడ వెనక్కి తగినంత సాగిందన్న కబురు అందితేనే అడుగు లేస్తుందన్నమాట. 1980లో మరో ఇద్దరు, చీలమండను చాపే కండరం మీద బరువు ఉన్నంతసేపు కాలు లేవదని చూపారు. బరువు రెండో కాలి మీదికి మారిందన్న కబురు వచ్చాకే ఇది లేస్తుంది. లేకపోతే రెండూ ఒకేసారి లేచి మనిషి కూలబడతాడు. అన్నిటికన్న నాకు ముచ్చటైనది 1975 నాటి పరిశోధన. గాలిలో ఉన్న పాదం పైభాగాన ఏదైనా తగిలితే కాలు ఇంకా పైకి లేచి అడ్డును దాటుతుంది. అదే స్పర్శ కాలు నేల మీద ఉన్నప్పుడు తగిలితే కాలు లేవదు, మరింత గట్టిగా ఊనుతుంది. కబురు ఒకటే, లయలో ఏ సమయానికి వచ్చిందన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. దారిలో గడప తగిలినప్పుడు మనకు తెలియకుండానే కాలు పైకి లేస్తుందే, అటువంటి పని.

అంటే కబుర్లు నడకకు మెరుగులు దిద్దడమే కాదు, ఎప్పుడు వంతు మార్చాలో కూడా నిర్ణయిస్తాయి. ఈ మేరకు షెరింగ్టన్ గారి వైపు వాదన కూడా పూర్తిగా కొట్టుపోలేదు. నా మట్టుకు నాకు తీర్పు ఇలా తోస్తుంది. పుట్టుక విషయంలో శిష్యుడు నెగ్గాడు, నిర్వహణ విషయంలో గురువు పక్షానికి వాటా ఉన్నది.

మన సంగతికి వస్తే, షుగరు ముదిరినవారికి అరికాళ్ళ నుంచి వచ్చే ఈ తపాలు తగ్గిపోతుంది. కాళ్ళల్లో బలం ఉంటుంది, వెన్నుపాములో లయ ఉంటుంది, నేల ఎలా ఉన్నదో మాత్రం తెలియదు. అప్పుడు మనిషి కళ్ళతో నడుస్తాడు. 1971లో 19 ఏళ్ళ యువకునికి జ్వరం తరువాత మెడ కింది భాగమంతా స్పర్శ, అవయవాల స్థితి తెలిసే జ్ఞానం పోయాయి. కండరాలకు ఏ లోపమూ లేదు. అయినా నిలబడలేకపోయాడు. ప్రతి కదలికనూ కళ్ళతో చూసుకుంటూ నడక మళ్ళీ నేర్చుకోవడానికి నెలలు పట్టింది. దీపం ఆరితే మాత్రం కూలిపోయేవాడు. మనలో కొందరు రాత్రి వేళ స్నానాల గదిలో పడటానికి ఒక కారణం ఇదే. మన ఇళ్ళల్లో గచ్చు చాలావరకు నాపరాయి. తడిస్తే జారుతుంది, చీకట్లో కనబడదు. మంచం నుంచి స్నానాల గది దాకా రాత్రంతా చిన్న దీపం ఉంచడం, మొద్దుబారిన కాళ్ళవారు వదులు చెప్పులు మానడం ఖర్చులేని పనులు. డాక్టరు గారు శ్రుతిదండం మోగించి కాలి బొటనవేలికి ఆనిస్తే విసుక్కోకండి. ఇన్‌వర్డ్ తపాలు వస్తున్నదో లేదో వారు చూస్తున్నారు.

వెన్నుపాము కొంతవరకు దెబ్బతిన్నవారిని పట్టీలతో వేలాడదీసి, బరువు కొంత తగ్గించి, కదిలే పట్టా మీద నడిపించే చికిత్స 1990లలో వ్యాపించింది. తొడ వెనక్కి సాగాలి, పాదం మీద బరువు పడాలి, అప్పుడు లోపలి లయ మేలుకుంటుందని దాని ఆధారం. అందరికీ ఒకే ఫలితం రాదు. కొందరికి కొంత మేలు జరిగింది.

గ్రేహం బ్రౌన్ గారు తమ పర్వతారోహణ గ్రంథాలయాన్ని స్కాట్లండు జాతీయ గ్రంథాలయానికి ఇచ్చి వెళ్ళారు. 2008లో స్టూవర్ట్, హల్ట్‌బోర్న్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆయన గురించీ లుండ్‌బర్గ్ గారి గురించీ కలిపి పెద్ద వ్యాసం రాశారు. 1911 నాటి మూలవ్యాసం 12 పుటలు. దాని ప్రతి ఒకటి బైండు చేయించి మన సంఘ కార్యాలయం బీరువాలో రెండో అరలో ఉంచాను. ఇంగ్లీషు కొంచెం పాతకాలపుది, బొమ్మలు మాత్రం తేలికగా అర్థమవుతాయి. కావలసినవారు రిజిస్టరులో సంతకం చేసి తీసుకువెళ్ళవచ్చును.